నాలుగు చక్రాలున్నాయి కదా, ఎందుకు పడుతుంది? ఏటీవీ రైడ్ గురించి అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే మా ట్రాక్‌కి ఓ కుటుంబం వచ్చింది. కొడుకుది బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం, తండ్రి తెనాలి దగ్గర రైతు. ఇంకో వారంలో బాలి ప్రయాణం. అక్కడ ఏటీవీ (మట్టి, బురద దారుల్లో తిప్పే నాలుగు చక్రాల బండి) రైడ్ బుక్ చేసుకున్నారట, ఒకసారి చెయ్యి అలవాటు చేసుకుందామని వచ్చారు. నేను బండి చూపించి చెప్పబోతుంటే పెద్దాయన చేత్తో ఆపారు.

"ముప్పై ఏళ్లు ట్రాక్టర్ తోలినోణ్ని బాబూ. నాలుగు చక్రాల బండి నాకు నేర్పుతావా?"

"ఒక్క పది నిమిషాలు బాబాయ్ గారూ" అన్నాను. వినలేదు. సరే, స్పీడ్ బాగా తగ్గించి ఇచ్చాను. మొదటి మలుపు దగ్గర ట్రాక్టర్ మీద కూర్చున్నట్టే నిటారుగా కూర్చుని హ్యాండిల్ తిప్పారు. లోపలి వైపు వెనక చక్రం జానెడు పైకి లేచింది. ఆయన కంగారుపడి కాలు కింద పెట్టబోయారు. నేను పక్కనే పరిగెడుతున్నాను కాబట్టి మోకాలు పట్టుకుని ఆపాను. దిగి, హెల్మెట్ తీసి, నుదురు తుడుచుకుని ఒకటే మాట అన్నారు: "ఇది ట్రాక్టర్ కాదయ్యా, కోడెదూడ."

పదకొండేళ్ల నుంచి ఈ పనిలో ఉన్నాను, ఇంతకంటే బాగా నేనెప్పుడూ చెప్పలేకపోయాను. మాది హిందూపురం. దేవనహళ్లి దాటి నంది కొండల వైపు పోయే దారిలో, ద్రాక్షతోటల మధ్య మా ట్రాక్. వారమంతా బండ్ల రిపేరు, శని ఆదివారాలు శిక్షణ, ఏడాదికి మూడు నాలుగు సార్లు గుంపుల్ని వెంటబెట్టుకుని బాలి. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది మారతహళ్లి, మహదేవపుర, కేఆర్ పురం వైపు ఉండే తెలుగువాళ్లే. అందరూ ఒకే రకం అనుమానాలు, ఒకే రకం ధీమాలు తెస్తారు. వాటిలో కొన్నిటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: నాలుగు చక్రాలు కాబట్టి బోల్తా పడదు

అన్నిటికంటే పెద్ద అపోహ ఇదే, అందుకే దీనికి కాస్త ఎక్కువ చోటిస్తున్నాను.

ఈ బండ్లు మొదట మూడు చక్రాలతో వచ్చాయి. 1970లో హోండా అమెరికాలో ముందు ఒకటి, వెనక రెండు బెలూన్ టైర్లున్న చిన్న బండి అమ్మడం మొదలుపెట్టింది. నాలుగు చక్రాలది 1982లో సుజుకీ తెచ్చింది. మూడు చక్రాల వాటితో ప్రమాదాలు మరీ ఎక్కువైపోయి, 1988లో అక్కడి ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ప్రకారం కంపెనీలు వాటి అమ్మకం ఆపేశాయి. అప్పటి నుంచి "మూడు చక్రాలది పడుతుంది, నాలుగు చక్రాలది పడదు" అనే నమ్మకం జనంలో పాతుకుపోయింది. మొదటి ముక్క నిజం. రెండోది కాదు.

బండి పక్కన నిలబడి ఒకసారి చూడండి. కారుతో పోలిస్తే వెడల్పు చాలా తక్కువ. రాళ్లు తగలకూడదని కింద ఎత్తు ఎక్కువ పెడతారు. ఇంజిన్ పైన సీటు, సీటు పైన మీరు. బండి బరువు మోడల్‌ని బట్టి 180 కిలోల నుంచి 350 కిలోల దాకా ఉంటుంది. దాని మీద 80 కిలోల మనిషి కూర్చుంటే, బరువులో పెద్ద వాటా ఎప్పుడూ పైనే ఉన్నట్టు. కారులో అయితే మీరు కూర్చున్నా, వాలినా, నిద్రపోయినా బండికి పట్టదు. ఇక్కడ మీ నడుము అటు నుంచి ఇటు జరిగితే బండి నడక మారిపోతుంది.

ఇంకొకటి బయటికి కనపడదు. చాలా ఏటీవీల్లో వెనక ఇరుసు ఒకటే కడ్డీ. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలిది తక్కువ దూరం. కారులో, ఆటోలో కూడా, ఈ తేడాని డిఫరెన్షియల్ అనే గేర్ల అమరిక సర్దుతుంది. ఒకటే కడ్డీ ఉన్న బండిలో రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరిగి తీరాలి. మట్టిలో అయితే లోపలి చక్రం కొంచెం జారి సర్దుకుంటుంది. తారు రోడ్డు మీద జారదు, పట్టుకుంటుంది. అప్పుడు బండి మలుపు తిరగనని మొండికేస్తుంది. మనం ఇంకా గట్టిగా తిప్పుతాం, అది ఒక్కసారిగా తిరిగి ఒక పక్కకి లేస్తుంది. బాలిలో ఉబుద్ చుట్టుపక్కల రైడ్లలో బురద దారికీ బురద దారికీ మధ్య ఊళ్లో సిమెంటు రోడ్డు ముక్కలు వస్తుంటాయి. "హమ్మయ్య, మంచి రోడ్డు" అని అందరూ వేగం పెంచేది సరిగ్గా అక్కడే. మా వాళ్లకి నేను చెప్పే మొదటి సంగతి ఇది: బురదలో కాస్త ధైర్యంగా ఉండండి, సిమెంటు మీద భయంగా ఉండండి.

బోల్తా పడటం ఎంత మామూలో తెలియాలంటే ఆస్ట్రేలియా చేసిన పని చూడాలి. కొత్త బండ్లకి, ఎన్ని డిగ్రీలు ఒరిగితే చక్రాలు లేస్తాయో చెప్పే ట్యాగ్ తగిలించమని 2020 అక్టోబరులో రూలు పెట్టింది. మరుసటి ఏడాది అక్టోబరు నుంచి పొలాల్లో, పనులకి వాడే బండ్లకి వెనక ఇనప కమాను లాంటిది తప్పనిసరి చేసింది. బండి తిరగబడినా మనిషి మొత్తంగా దాని కింద నలిగిపోకుండా అది కొంత ఖాళీ ఉంచుతుంది. టూరిస్టు రైడ్లలో నాకు అలాంటిది దాదాపు కనపడలేదు.

అపోహ: బుల్లెట్ నడిపేవాళ్లకి ఇదొక లెక్కా

నిజం చెప్పాలంటే నాకు టెన్షన్ పెట్టేది వీళ్లే. జీవితంలో ఏ బండీ ముట్టనివాళ్లు చెప్పింది చెప్పినట్టు చేస్తారు. బైక్ బాగా వచ్చినవాళ్లకి మూడు పాత అలవాట్లుంటాయి, మూడూ ఇక్కడ పనికిరావు.

మొదటిది కాలు. బైక్ ఒరిగితే కాలు కింద పెట్టడం మన ఒంట్లోనే ఉంది. ఏటీవీ మీద కాలు కింద పెడితే వెనక చక్రం మడమ మీదికెక్కి కాలిని కిందికి లాగేస్తుంది. రెండు పాదాలూ ఫుట్‌రెస్ట్ మీద ఉండాల్సిందే, బండి ఆగేదాకా.

రెండోది వంగడం. బైక్ మలుపులో బండీ మనిషీ కలిసి వాలతారు. ఏటీవీ వాలదు, బల్లపరుపుగానే ఉంటుంది. వాలాల్సింది మనిషే. మలుపు ఎటుంటే పైఒళ్లు అటు వంచి, బయటి వైపు పాదం మీద బరువు వేయాలి. ఎక్కుడులో సీటు ముందుకి జరిగి, ఛాతీ హ్యాండిల్ దగ్గరికి తేవాలి. దిగుడులో వెనక్కి. ఏటవాలు గట్టు మీద అడ్డంగా పోతుంటే ఎగువ వైపుకి. గంట సేపు ఇలా అటూ ఇటూ జరిగితే మరుసటి రోజు తొడలు పట్టేస్తాయి. పట్టేశాయంటే సరిగ్గా నడిపారని అర్థం.

మూడోది యాక్సిలరేటర్. ఇక్కడ మెలితిప్పే గ్రిప్ ఉండదు, కుడి బొటనవేలు కింద చిన్న మీట ఉంటుంది, నొక్కితే పోతుంది. వినడానికి చాలా సులువు. కానీ గుంటలో దబ్బున పడ్డప్పుడు మనిషి ఏం చేస్తాడు? హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకుంటాడు. పిడికిలి బిగుస్తుంది, దాంతోపాటు బొటనవేలూ బిగుస్తుంది. భయపడ్డ కొద్దీ బండి ముందుకి దూకుతుంది, దూకిన కొద్దీ భయం. కిందటేడు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి వచ్చిన ఓ అమ్మాయి అలాగే నేరుగా గడ్డివాములోకి వెళ్లిపోయింది. దెబ్బ తగల్లేదు. బయటికొచ్చి జుట్టులో గడ్డి దులుపుకుంటూ, "అన్నా, నేను బ్రేకే పట్టుకున్నాను అనుకున్నాను" అంది. నిజంగానే పట్టుకుంది, బ్రేకూ యాక్సిలరేటరూ రెండూ.

దీనికి రెండు మందులున్నాయి. మీట పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని బిగిస్తే మీట పూర్తిగా నొక్కుకోదు. కొత్తవాళ్లకి అది బిగించి ఇమ్మని గైడ్‌ని అడగండి, అందులో సిగ్గేమీ లేదు. రెండోది మణికట్టుకి తగిలించుకునే ఎర్ర తాడు. మనిషి బండి మీద నుంచి పడితే తాడు ఊడి ఇంజిన్ ఆగిపోతుంది. చాలాచోట్ల ఆ తాడు తెగిపోయి ఉంటుంది, లేదా హ్యాండిల్‌కే చుట్టేసి ఉంటుంది. ఎక్కే ముందు ఒకసారి లాగి చూడండి. ఇంజిన్ ఆగకపోతే వేరే బండి అడగండి.

ఆడవాళ్లకి ఇది కష్టమా అని ఫోన్లో చాలామంది అడుగుతారు. కష్టం కాదు. ఎక్కువ మంది భర్తల కంటే భార్యలే నేను చెప్పేది వింటారు, అంతే తేడా.

అపోహ: టైర్లో గాలి లేదు, బండి పాతది ఇచ్చారు

ఇది పొరపాటు. కారు టైరులో 30 పీఎస్‌ఐ పైన గాలి ఉంటే, వీటిలో ఉండేది 3 నుంచి 7 లోపే. వేలితో నొక్కితే లోపలికి పోతుంది. అలా మెత్తగా ఉంటేనే నేలని పట్టుకుంటుంది, రాయి తగిలితే మింగేస్తుంది.

నేను ఈ పనిలోకి కొత్తగా వచ్చినప్పుడు ఒక బండిని రోడ్డు పక్క పంచర్ షాపుకి తీసుకెళ్లాను. అక్కడి గేజీలో అంత చిన్న అంకెలే లేవు. ఆ అబ్బాయి స్కూటర్‌కి కొట్టినట్టు కొట్టేశాడు, నేనూ చూసుకోలేదు. మధ్యాహ్నం ఆ బండి ఎక్కి గుట్ట దిగుతుంటే ప్రతి రాయికీ బంతిలా ఎగిరింది. మూడో ఎగురుడుకి బండి ఒక చోట, నేను ఒక చోట. కుడి భుజం ఎముక చిట్లి ఆరు వారాలు ఇంట్లో కూర్చున్నాను. తప్పు ఆ అబ్బాయిది కాదు, నాదే. అప్పటి నుంచి చిన్న అంకెల గేజీ నా జేబులోనే ఉంటుంది, బాలికి పోయినా తీసుకెళ్తాను. నాలుగు టైర్లు సమానంగా మెత్తగా ఉన్నాయో లేదో మీరు చేత్తో నొక్కి చూసినా తెలిసిపోతుంది. ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా ఉంటే మాత్రం బండి ఒక పక్కకి లాగుతూనే ఉంటుంది.

అపోహ: గైడ్ ఉన్నాడు కాబట్టి మనం చూసుకోవాల్సింది ఏమీ లేదు

గైడ్ దారి చూపిస్తాడు. మీ బ్రేకు మీరే పట్టుకోవాలి.

మంచి గైడ్ ఎవరో మొదటి ఐదు నిమిషాల్లో తెలుస్తుంది. బండి ఇచ్చి "గో గో" అనేవాడు కాదు. ఖాళీ స్థలంలో రెండు రౌండ్లు తిప్పించి, ఎవరు ఎలా నడుపుతున్నారో చూసి, వరుస తనే పెట్టేవాడు. కొత్తగా, భయంగా ఉన్నవాళ్లని తన వెనకే పెట్టుకుంటాడు. దూకుడు మనుషుల్ని చివరికి పంపి, వాళ్ల వెనక ఇంకో గైడ్‌ని పెడతాడు. ముందొకరు, వెనకొకరు లేని రైడ్‌కి నేను నా గుంపుని పంపను. ఐదుగురికి ఒక గైడ్ అనేది నా సొంత లెక్క, రూలేమీ కాదు.

బాలిలో గైడ్లని "బ్లి" అని పిలవండి. మనం అన్నా అన్నట్టు. వాళ్ల ముఖం వెలిగిపోతుంది. దారిలో వాళ్లు అరిచే మాటలు కూడా నాలుగు తెలిసుంటే మంచిది. "పెలాన్ పెలాన్" అంటే మెల్లగా. "హాతి హాతి" అంటే జాగ్రత్త. "కిరి" ఎడమ, "కానాన్" కుడి. ఇంజిన్ల హోరులో ఇంగ్లిషు వినపడదు, వినపడినా వాళ్ల ఇంగ్లిషూ మన ఇంగ్లిషూ ఒకటి కాదు.

పొద్దున్నే షెడ్డుకి వెళ్తే ప్రతి బండి హ్యాండిల్ మీద కొబ్బరాకు దొన్నెలో పూలు, కాస్త అన్నం, ఒక అగరొత్తి కనిపిస్తాయి. రోజూ పెడతారు. ఇంతేకాదు, 210 రోజులకి ఒకసారి వచ్చే తుంపెక్ లాండెప్ రోజున ఇనుముకీ బండ్లకీ ప్రత్యేకంగా పూజ చేస్తారు. అచ్చం మన ఆయుధపూజే. మా షెడ్డులోనూ దసరాకి ప్రతి చక్రం కింద నిమ్మకాయ పెట్టి, గుమ్మడికాయ కొడతాం. నిమ్మకాయ తొక్కించే ముందు బ్రేక్ ప్యాడ్ ఎంత మిగిలిందో కూడా చూస్తాం. అక్కడి మంచి షెడ్లలోనూ పూల దొన్నె పక్కనే స్పానర్ ఉంటుంది.

మా గుంపులో నేను కళ్లారా చూసిన దెబ్బల్లో ఎక్కువ భాగం వాగుల్లోనో కొండల మీదో జరిగినవి కావు. ఫొటో కోసం ముందు బండి ఆగితే, వెనక బండి పోయి గుద్దుకున్నవి. ఐదారు బండ్లంత దూరం ఉంచుకోండి. దుమ్ము లేస్తుంటే ఇంకా ఎక్కువ. ఆగాలనిపిస్తే ముందు ఎడమ చెయ్యి పైకెత్తి, ఆ తర్వాత ఆగండి.

అపోహ: బాబుని ముందు కూర్చోబెట్టుకుంటే సరిపోతుంది

స్కూటర్ మీద పిల్లల్ని ముందు నిలబెట్టుకుని డీమార్ట్‌కి పోయే అలవాటు మనది. ఇక్కడ దయచేసి వద్దు.

పెద్దవాళ్ల కోసం చేసిన ఏటీవీని 16 ఏళ్ల లోపు వాళ్లు నడపకూడదని అమెరికాలో బండి మీదే స్టిక్కర్ వేసి అమ్ముతారు. సీటు పొడుగ్గా కనిపిస్తుంది కాబట్టి ఇద్దరు కూర్చోవచ్చు అనుకుంటాం. ఆ పొడుగు రెండో మనిషి కోసం కాదు, నడిపేవాడు ముందుకీ వెనక్కీ జరగడానికి. అక్కడ ఇంకొకరు కూర్చుంటే జరిగే చోటే పోతుంది, ఎక్కుడులో బరువంతా వెనక్కి పడి ముందు చక్రాలు లేస్తాయి. ముందు కూర్చున్న పిల్లాడికైతే, గుంటలో పడ్డప్పుడు ముఖం హ్యాండిల్‌కీ, వెనక నాన్న ఛాతీకీ మధ్య.

ఇద్దరి కోసమే చేసిన బండ్లు వేరే ఉన్నాయి. చక్రాల మధ్య దూరం ఎక్కువ, వెనక మనిషికి ఆనుకునే దిండు, పట్టుకునే కడ్డీ, వేరే ఫుట్‌రెస్ట్ ఉంటాయి. టాండెమ్ (ఇద్దరి రైడ్) అని టికెట్ మీద రాసినంత మాత్రాన బండి అలాంటిదే అని కాదు, బుక్ చేసేముందు ఫొటో పంపమనండి. పిల్లలుంటే నా సలహా బగ్గీ. స్టీరింగు, సీటుబెల్టు, చుట్టూ ఇనప పంజరం ఉంటాయి. బెల్టు పిల్లాడి భుజం మీద సరిగ్గా కూర్చుని, పాదాలు కిందికి ఆనితేనే ఎక్కించండి. పాదాలు ఆనకపోతే బయట కూర్చుని కొబ్బరినీళ్లు తాగడమే మేలు.

అపోహ: వానలో అయితేనే అసలు మజా

మజా ఉంటుంది, కాదనను. కానీ మన సెలవులకీ అక్కడి వానలకీ పొంతన కుదరదు. మన పిల్లలకి క్రిస్మస్ సెలవులు వచ్చే డిసెంబరు బాలిలో వానాకాలం నడిమధ్య. అక్కడ వానలు రమారమి నవంబరు నుంచి మార్చి దాకా. ఎండాకాలం సెలవులకి పోతే దారులు పొడిగా ఉంటాయి. డిసెంబరు టికెట్లు ముందే కొనేసి, వాన పడుతోంది డబ్బు వెనక్కివ్వమని గైడ్‌తో గొడవపడేవాళ్లని చూశాను. వాన రైడ్ ఆపడానికి కారణం కాదు అక్కడ. వాగు పొంగితేనే ఆపుతారు. అలా ఆపాలా వద్దా అన్నది గైడ్ మాటే చివరి మాట, మనం బతిమాలకూడదు.

నేల తేడా కూడా తెలియాలి. నంది కొండల చుట్టూ మనది ఎర్రమట్టి, గులకరాయి, నల్లరాతి గుట్ట. వాన వెలిస్తే చాలా వరకు గంటలో ఆరుతుంది. ఉబుద్ వైపు అగ్నిపర్వతాల బూడిదతో ఏర్పడ్డ నేల, పైన చెట్ల నీడ, పక్కన వరి మడులు. ఒకసారి తడిస్తే సబ్బులా ఉంటుంది. అదే బాతూర్ పర్వతం దగ్గరికి పోతే పూర్తిగా వేరు. గత శతాబ్దంలో పారి గడ్డకట్టిన లావా మీద నల్లటి బరక నేల, పడితే గీరుకుపోతుంది. అక్కడికి నిక్కరు వేసుకెళ్లకండి.

వాగు దాటేటప్పుడు నీళ్లు ఎగజిమ్మించి రీల్ తీయాలని అందరికీ ఉంటుంది. నీళ్లు ఫుట్‌రెస్ట్ కంటే పైకి ఉంటే దిగనే కూడదు. లోపల ఇంజిన్ నుంచి చక్రాలకి బలం అందించేది ఒక రబ్బరు బెల్టు, ఎక్కువ బండ్లలో అంతే. అది తడిస్తే ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు. గాలి పీల్చే గొట్టంలోకి నీళ్లు పోతే ఇంజినే పోతుంది, ఆ బిల్లు మీకే వస్తుంది. గైడ్ చక్రాలు పోయిన గీతలోనే, మెల్లగా, ఒకే వేగంతో, మధ్యలో ఆగకుండా దాటండి. గట్టెక్కాక రెండు మూడు సార్లు బ్రేకు తేలిగ్గా నొక్కి వదలండి, తడి ఆరుతుంది.

ఎక్కుడు మధ్యలో బండి ఆగిపోతే ఇదొక్కటి గుర్తుంచుకోండి: రెండు బ్రేకులూ పట్టుకుని అలాగే ఉండండి, గైడ్ వస్తాడు. వెనక్కి దొర్లించి మళ్లీ ఊపుతో ఎక్కుదాం అనుకోకండి. దిగాల్సి వస్తే ఎగువ వైపుకే.

అపోహ: ద్వీపం అంటే ఇసుక, ఎక్కడైనా తిప్పుకోవచ్చు

బీచ్ మీద ఏటీవీ చూసి చూసి ఈ నమ్మకం వచ్చింది. చెన్నైలో ఉన్న మా తమ్ముడు జనవరి నుంచి మార్చి మధ్య రాత్రుళ్లు బెసెంట్ నగర్ వైపు తాబేళ్ల గుడ్లు వెతికే కుర్రాళ్లతో నడుస్తుంటాడు. ఆలివ్ రిడ్లీ తాబేలు ఇసుకలో అడుగున్నర లోతున గుడ్లు పెట్టి, పైన చదును చేసి వెళ్లిపోతుంది. పైనుంచి చూస్తే ఏమీ కనపడదు. దాని మీదుగా బండి పోతే సంగతి చెప్పనక్కర్లేదు. బాలిలో కూటా బీచ్‌లోనూ తాబేళ్లు గుడ్లు పెడతాయి. గోవాలో బీచ్ మీద బండి నడిపితే పోలీసులు కేసు పెడతారు, కర్ణాటక నంబరు ప్లేటు అయితే వదిలేస్తారని ఏమీ లేదు.

ఇసుక సంగతి పక్కన పెడితే, నా మనసుకి దగ్గరైంది వరి మడి. బాలిలో సుబక్ అనే పద్ధతి ఉంది. ఒక కాలవ కింద ఉన్న రైతులందరూ ఒక సంఘంగా చేరి, ఎవరికి ఎప్పుడు ఎంత నీరో గుడి దగ్గర కూర్చుని తేల్చుకుంటారు. తొమ్మిదో శతాబ్దం నుంచి నడుస్తున్న ఏర్పాటు, 2012లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. మన ఏటీవీ దారులు ఆ మడుల గట్ల వెంబడే పోతాయి. ఒక చక్రం గట్టు అంచు మీద పడితే మట్టి జారుతుంది. పై మడి నీళ్లు కింది మడిలోకి పోతాయి. నీటి లెక్క మొత్తం తప్పుతుంది. తెనాలి బాబాయ్ గారికి ఈ సంగతి చెబితే, రైడ్ గురించి చెప్పిన వాటన్నిటికంటే దీన్నే శ్రద్ధగా విన్నారు. "గట్టు తొక్కితే మా ఊళ్లో తలకాయలు పగులుతాయి" అన్నారు. బాలి రైతులు నెమ్మదస్తులు, తలకాయలు పగలగొట్టరు. మరుసటి రోజు పార పట్టుకుని మళ్లీ గట్టు వేసుకుంటారు, అంతే.

అపోహ: టికెట్‌లోనే ఇన్సూరెన్స్ ఉంది

ఉంటుంది. ఎంత, దేనికి అన్నది అడగండి. ఆ ఒక్క పదం కింద చాలాసార్లు గాయానికి కట్టుకట్టించే ఖర్చు మాత్రమే ఉంటుంది, ఆపరేషన్ కాదు. మనం ఇక్కడ కొనే ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి ఇలాంటి రైడ్లు విడిగా కలుపుకుంటేనే వర్తిస్తాయి. హెల్మెట్ లేకపోయినా, బీరు తాగి ఉన్నా క్లెయిమ్ రాదు. మా గుంపులో ఒకతను మధ్యాహ్నం భోజనంలో ఒక్క బీరే తాగానని బ్రతిమాలాడు. ఎక్కనివ్వలేదు. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు, పోనీ.

ఒంటి మీద వేసుకునే వాటి గురించి టూకీగా. చున్నీ, చీరకొంగు, పొడుగు స్కార్ఫ్ ఏదీ వద్దు. వెనక ఇరుసుకి చుట్టుకుంటే మెడ దాకా వస్తుంది. నల్లపూసలు చొక్కా లోపలికి వేసుకోండి. చెప్పులు కాదు, మడమ మూసి ఉండే షూ. సైలెన్సర్ పిక్కకి దగ్గరగా ఉంటుంది కాబట్టి పొడుగు ప్యాంటు. హెల్మెట్ పెట్టుకుని తల అడ్డంగా ఊపితే హెల్మెట్ విడిగా ఊగకూడదు. కాంటాక్ట్ లెన్సు బదులు కళ్లజోడు. గర్భిణులు, నడుములో డిస్క్ సమస్య ఉన్నవాళ్లు అసలు వద్దు. బెంగళూరు ఐటీ నడుముల గురించి మీకు నేను వేరే చెప్పాలా? "కొంచెమే నొప్పి అన్నా" అని మొదలుపెడతారు. గుంటలో పడ్డప్పుడు ఆ కొంచెం కొంచెంగా ఉండదు.

రాత్రి విమానంలో దిగి, గడియారం రెండున్నర గంటలు ముందుకి తిప్పుకుని, నేరుగా రైడ్‌కి వెళ్లకండి. దాదాపు 900 మీటర్ల ఎత్తున చల్లగా బతికేవాళ్లం, అక్కడి ఉక్కపోతలో హెల్మెట్ పెట్టుకుంటే అరగంటకి తల తిరుగుతుంది. ఒక రోజు ఆగండి, నీళ్లు బాగా తాగండి.

అపోహ: స్నానం చేస్తే బురద సంగతి అయిపోయినట్టే

సబ్బుతో స్నానం మొదటి పని. కానీ ఆ బురదనీళ్లలో ఎలుకలు, పశువుల మూత్రం కలిసి ఉంటుంది. వాన వెలిసిన రోజుల్లో మరీను. దాని ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది, చర్మం మీద చిన్న గీత చాలు లోపలికి పోవడానికి. బాలికే కాదు, అండమాన్‌కి, కేరళకి, వానాకాలం ఏ వరిపొలానికైనా ఇదే మాట. అందుకే కాలికి పుండు గానీ కోత గానీ ఉంటే వాటర్‌ప్రూఫ్ పట్టీ వేసుకునే ఎక్కండి. నోట్లోకి బురద చిమ్మితే ఉమ్మేసి పుక్కిలించండి. ముందుజాగ్రత్తకి మాత్రలు వాడాలా అన్నది మీ డాక్టర్ చెప్పాలి, వాట్సాప్ గ్రూపు కాదు.

జ్వరం వెంటనే రాదు. ఎక్కువగా ఐదు రోజుల నుంచి రెండు వారాల మధ్య వస్తుంది, కొందరికి నెల దాకా పట్టొచ్చు. అప్పటికి మీరు బెంగళూరు వచ్చేసి, ఆఫీసులో పడి, బాలి సంగతే మర్చిపోయి ఉంటారు. ఒళ్లు నొప్పులు, పిక్కల్లో నొప్పి, కళ్లు ఎర్రబడటం ఉంటే ఇక్కడ అందరూ ముందు డెంగీ అనే అనుకుంటారు. డెంగీ టెస్టు చేయించుకోండి, దాంతో పాటు డాక్టర్‌కి ఈ ఒక్క ముక్క కూడా చెప్పండి: "పది రోజుల కిందట బురదనీళ్లలో బండి నడిపాను."